స్లాబులో ఉన్నా రూపాయి రంగు మారుతోంది, ఏం చేయాలి?

చిల్లుకాణీ అడిగిన ప్రశ్న

నాలుగు నాణేల మీద సలహా కావాలి. మూడు స్లాబులో (గ్రేడింగ్ కంపెనీ గ్రేడు వేసి సీలు చేసిచ్చే ప్లాస్టిక్ డబ్బీలో) ఉన్నాయి, ఒకటి విడిగా ఉంది.

మొదటిది 1862 రూపాయి, విక్టోరియా క్వీన్, ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ కంపెనీ ఇచ్చిన గ్రేడు ఎంఎస్ 62 (ఎంఎస్ అంటే వాడకంలో అరగనిది). కొన్నప్పుడు తెల్లగా ఉంది. రెండు వానాకాలాలు పోయేసరికి బొమ్మ వైపు అంచు వెంబడి, గడియారంలో ఏడు నుంచి పది అంకె దాకా, నెలవంకలా రంగు పట్టింది. అంచుకు ఆనుకుని సన్నటి నీలం, లోపలికి వచ్చేకొద్దీ ఎర్రటి ఊదా, తర్వాత తేనె రంగు, చివర లేత పసుపు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. బొరుసు వైపు మాత్రం "వన్ రూపీ" అక్షరాల చుట్టూ టీ ఒలికినట్టు మరకలు.

రెండోది 1943 చిల్లు కాణీ, ఇంకో గ్రేడింగ్ కంపెనీ పీసీజీఎస్ ఇచ్చిన ఎంఎస్ 64 ఆర్‌డీ (ఆర్‌డీ అంటే ఎరుపు చెడనిది). చిల్లుకు కుడి పక్కన గుండుసూది మొనంత నల్ల చుక్క వచ్చింది. ఎరుపు కూడా కాస్త మగ్గినట్టుంది. మూడోది 2015 అమెరికన్ సిల్వర్ ఈగల్, ఎంఎస్ 69. దాని మీద పాలు చిందినట్టు తెల్ల మచ్చలు.

స్లాబులో లేనిది 1945 ఆరో జార్జి రూపాయి. ఆల్బం జేబులోంచి తీస్తే వేలికి అంటుకునే పచ్చటి జిగురు. దీన్ని గ్రేడింగుకు పంపాలని ఉంది.

నిల్వ సంగతి: టేకు పెట్టె, లోపల మఖమల్ గుడ్డ, పురుగు పట్టకుండా రెండు కలరా ఉండలు. స్లాబులు మూడూ రబ్బరు బ్యాండుతో కట్టి ఉన్నాయి. పెట్టె ఉన్న బీరువా వంటింటి గోడకు ఇవతల. ఊరు విజయవాడ.

సీలు చేసిన స్లాబులో రంగు ఎలా మారుతుంది? ఇది సహజంగా రంగు పట్టడమేనా (టోనింగ్)? స్లాబు పగలగొట్టి డిప్ చేయించి (ద్రావణంలో ముంచి తెల్లబరిచి) మళ్ళీ పంపితే లాభమా? గ్రేడింగ్ కంపెనీ గ్యారంటీ వర్తిస్తుందా?

బేడకాసు జవాబు

స్లాబుకు గాలి చొరబడదన్నది చాలామందికి ఉన్న అపోహ. రెండు ప్లాస్టిక్ పలకల్ని అల్ట్రాసోనిక్ పద్ధతిలో అంచుల వెంట అతికిస్తారు. ఎవరైనా విప్పితే తెలిసిపోవడానికి ఆ అతుకు. గాలి, తేమ, గంధకపు ఆవిరి మెల్లగా లోపలికి పోతూనే ఉంటాయి. కంపెనీలు కూడా తమ హోల్డరు గాలి చొరబడనిదని చెప్పవు. అందుకే లేబుల్ మీద ఉన్న గ్రేడును ఆ నాణెం ఆ రోజు ఎలా ఉందో చెప్పే చీటీగా చదువుకోవాలి.

మీ నాలుగు నాణేలకూ నాలుగు వేరువేరు జబ్బులు. అన్నిటికీ ఒకే మందు వేస్తే కనీసం మూడు పాడవుతాయి.

రూపాయి బొమ్మ వైపు నెలవంకతో మొదలుపెడదాం. గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్ వెండితో కలిసి పైన సిల్వర్ సల్ఫైడ్ పొర కడుతుంది. మిల్లీమీటరులో పదివేలో వంతు కన్నా పలచన. నీటి మీద నూనె చుక్క రంగులు ఎలా చూపిస్తుందో ఇదీ అంతే: పొర పై ముఖం నుంచి, కింది ముఖం నుంచి వెనక్కి వచ్చే వెలుగు ఒకదానితో ఒకటి కలిసి కొన్ని రంగుల్ని నొక్కేస్తుంది. పొర మందం పెరిగేకొద్దీ రంగులు ఒక వరసలోనే వస్తాయి. ముందు లేత పసుపు, తర్వాత తేనె రంగు, ఎర్రటి ఊదా, ముదురు నీలం, లేత నీలం. ఇంకా మందమైతే మళ్ళీ పసుపు, గులాబీ, ఆకుపచ్చ. చివరికి నలుపు. మీరు అంచు నుంచి లోపలికి చెప్పిన వరస నీలం, ఊదా, తేనె, పసుపు. అంటే అంచున మందం, లోపలికి పలచన. గాలి అంచు వైపు నుంచి దూరుతోంది కాబట్టి లెక్క సరిపోయింది. వరస తప్పకపోవడం సహజ టోనింగుకు మొదటి గుర్తు.

రెండో గుర్తు కోసం గదిలో లైట్లు ఆర్పి ఒకే ఒక్క బల్బు పెట్టండి. స్లాబును 45 డిగ్రీల వాలులో పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. ముద్ర కొట్టినప్పుడు లోహం పారిన సన్నటి గీతల వల్ల బండిచక్రం ఆకుల్లా వెలుగు చారలు తిరుగుతాయి, దాన్నే కార్ట్‌వీల్ అంటాం. ఆ చార రంగు ఉన్న చోట కూడా ఆగకుండా సాగిపోతే పొర పలచగా ఉంది, కింద లస్టర్ (ముద్ర మెరుపు) బతికి ఉంది. మరక దగ్గరికి రాగానే చచ్చిపోతే, అక్కడ వేరే ఏదో కూర్చుంది, లేదా లోహమే తినబడింది.

మూడోది, మరక నాణెం మీదా, ప్లాస్టిక్ మీదా? స్లాబును అటూ ఇటూ వంచి చూడండి. మరక అక్షరాలతో పాటు కదలకుండా పక్కకు జరిగినట్టు కనిపిస్తే అది ప్లాస్టిక్ మీద ఉన్న మసి. ఈ పరీక్ష చేయకుండా స్లాబు పగలగొట్టిన వాళ్ళు లేకపోలేదు.

ఇక బొరుసు వైపు టీ మరకలు. ఇవే నాకు అనుమానం. డిప్ అంటే థయోయూరియా, ఆమ్లం కలిపిన ద్రావణం. సల్ఫైడ్ పొరను కరిగించి వెండిని తెల్లగా బయటపెడుతుంది. ముంచింది రెండు సెకన్లే అయినా తర్వాత ధారగా నీళ్ళలో, ఆపైన డిస్టిల్డ్ వాటర్‌లో కడగాలి. కడగడం చాలకపోతే మిగిలిన ద్రావణం అక్షరాల మూలల్లో, పల్లాల్లో నిలుస్తుంది. గ్రేడరు చూసే రోజుకు అది కంటికి కనపడదు. నెలలు, ఏళ్ళు గడిచాక అక్కడి నుంచే గోధుమ రంగు తేలుతుంది. గాలి వల్ల వచ్చే టోనింగ్ అంచు నుంచి లోపలికి నడుస్తుంది. డిప్ మిగులు అక్షరం పాదం నుంచి బయటికి పాకుతుంది, హద్దు గజిబిజిగా ఉంటుంది, రంగుల వరస ఉండదు. మీ వర్ణన ఈ రెండో రకానికే దగ్గరగా ఉంది.

సర్టిఫికెట్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి పాత ఫొటో ఉందేమో చూడండి. ఆ ఫొటోలో "వన్" అక్షరాల పక్కన సూచనగా లేత గోధుమ ఉంటే మరక మీ పెట్టెలో పుట్టింది కాదు, కొన్నప్పుడే కడుపులో ఉంది.

చిల్లు కాణీ కంచు. దాని నల్ల చుక్కను కార్బన్ స్పాట్ అంటారు గానీ కార్బన్‌తో సంబంధం ఉండనక్కర్లేదు. గ్రేడింగుకు ముందే పడిన దుమ్ము కణమో, మాట్లాడుతుంటే చిందిన లాలాజలమో తేమ పీల్చుకుని చుట్టూ రాగిని తింటుంది. దానికి విరుగుడు లేదు. పెరుగుదల ఆపాలంటే పొడి గాలి ఒక్కటే దారి. కంచును డిప్‌లో పెట్టవద్దు. ఎరుపు తిరిగి రాదు, నారింజ కలిసిన గులాబీ రంగు వస్తుంది, దాన్ని కొత్తవాళ్ళు కూడా పట్టేస్తారు. లేబుల్ మీద ఆర్‌డీ అనే ఉంటుంది, కానీ కొనేవాడు నాణెం మగ్గిందని చూసి ఆర్‌బీ (ఎరుపు, గోధుమ కలిసినది) ధరే చెప్తాడు. వాడి తప్పేం లేదు.

ఈగల్ మీద మచ్చలు మిల్క్ స్పాట్లు. టంకశాలలో ముద్ర వేయకముందు బిళ్ళల్ని కడిగి, కాల్చి మెత్తబరుస్తారు. కడిగిన రసాయనం పూర్తిగా పోకుండా కాల్పుకు వెళ్తే వెండి మీద అతుక్కుంటుంది, తర్వాతెప్పుడో తెల్లగా తేలుతుంది. జిగురు కరిగించే అసిటోన్ ద్రవానికి పోవు, డిప్‌కు కూడా సరిగా లొంగవు. కెనడా టంకశాల తన మేపుల్ లీఫ్ నాణేలకు 2018 నుంచి మింట్‌షీల్డ్ అనే ప్రక్రియ పెట్టింది కూడా ఈ బెడద తగ్గించడానికే. మీ నిల్వకూ దీనికీ సంబంధం లేదు. వదిలేయండి.

గ్యారంటీ: పీసీజీఎస్ నిబంధనల్లో గ్రేడింగ్ తర్వాత పర్యావరణం వల్ల వచ్చిన చుక్కలు, మసక, పీవీసీ ప్లాస్టిక్ జిగురు, రంగు మార్పు, తుప్పు వర్తించవని ఉంది. ఎన్‌జీసీ దగ్గర కూడా నిల్వలో వచ్చిన మార్పుకు డబ్బు వస్తుందని లెక్క వేసుకోవద్దు.

చార్మినార్_చెక్కు జవాబు

అన్నా, నాణేల సంగతి బేడకాసు అన్న చెప్పిండు. నేను ఆ పెట్టె గురించే చెప్త. దాంట్ల ఉన్న ఒక్కో వస్తువు ఒక్కో నేరస్తుడు.

రబ్బరు బ్యాండు ఇయ్యాల్నే తీసెయ్. రబ్బరుకు గట్టిదనం రావాలని గంధకం కలుపుతరు. వెండికి దానికన్నా పెద్ద శత్రువు లేదు. బ్యాండు ఆనిన దిక్కు స్లాబు అంచు ఉంటే, రంగు ఆ దిక్కుకెళ్ళే మొదలైతది. ఏడు నుంచి పది దాకా నెలవంక అన్నవ్ గద, బ్యాండు యాడ ఆనిందో ఒక్కసారి చూస్కో.

టేకు పెట్టె: ఏ కట్టె అయినా ఎసిటిక్, ఫార్మిక్ ఆమ్లాల ఆవిరి వదుల్తనే ఉంటది. వెండి తట్టుకుంటది గానీ రాగి, కంచు తట్టుకోవు. మఖమల్ గుడ్డకు వేసిన రంగుల్ల, దాన్ని అతికించిన జిగురుల్ల ఏముందో ఎవ్వరికీ తెల్వదు. కలరా ఉండలైతే మొత్తానికే వద్దు. ఆ ఆవిరి చల్లటి చోట మళ్ళ గడ్డకట్టి మసకలెక్క కూసుంటది, కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తగ చేస్తది. పాలిస్టైరీన్‌కు అయితే పగుళ్ళు కూడ రావచ్చు.

వంటింటి గోడ గురించి ఎక్కువ భయం అక్కర్లేదు గానీ, గుడ్లు ఉడికించినప్పుడు వచ్చే వాసన గంధకమే. గ్యాస్ లీకైతే తెలియాలని ఎల్పీజీల కలిపేది కూడ గంధకం ఉన్న పదార్థమే. మోరీ వాసన కూడ అదే జాతి. బీరువాను ఇంట్ల వేరే అర్రలకు మార్చగలిగితే మంచిది. పూజ గదిల అయితే అస్సలు పెట్టకు, అగరుబత్తి పొగ ఊరికే పోదు.

ఇప్పుడు ఏం చేయాల్నో చెప్త. వంటింటి సామాన్ల దుకాణంల దొరికే పాలీప్రొపిలీన్ డబ్బా తీస్కో, మూతకు నాలుగు దిక్కుల క్లిప్పులుండే రకం, అయిదు లీటర్లది చాలు. మూతల రింగు సిలికోన్‌ది ఉండాలె, నల్ల రబ్బరుది కాదు. లోపల సిలికా జెల్ లీటరుకు 20 గ్రాముల లెక్కన, అంటే 100 గ్రాములు, గుడ్డ సంచిల పెట్టు. తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి లోపల వెయ్. తేమ 35 నుంచి 45 శాతం నడుమ ఉండాలె. కంచుకు 45 దాటితే ఇబ్బంది, మీ దిక్కు ఆగస్టుల బయట 80 దాటుడు మామూలే. జెల్ రంగు మారినంక 110 నుంచి 120 డిగ్రీల ఓవెన్‌ల రెండు గంటలు ఎండబెడితే మళ్ళ పనికొస్తది. అన్నం వండే గిన్నెల మాత్రం వేడి చేయకు: నీలం నుంచి గులాబీకి మారే రకంల కోబాల్ట్ ఉంటది, అది విషం. నారింజ రంగు జెల్ తీస్కుంటే కోబాల్ట్ బాధ ఉండదు.

సిలికా జెల్ తేమనే గుంజుతది, గంధకాన్ని గుంజదు. దానికి ఇంటర్‌సెప్ట్ అనే ప్లాస్టిక్ సంచులు, డబ్బాలు దొరుకుతయ్. బెల్ ల్యాబ్స్‌ల పుట్టిన పద్ధతి. ప్లాస్టిక్‌ల రాగి కలిపి ఉంటది, ఆవిరి నాణేన్ని ముట్టకముందే ఆ రాగి దాన్ని పట్టుకుంటది. స్లాబులకు కొలతకు చేసినవి కూడ ఉన్నయ్. లోపలి ముఖం నల్లబడితే దాని పని అయిపోయినట్టు.

ఇంకొక ఉపాయం: డబ్బాల సాక్షి పెట్టు. ఒక రూపాయి బిళ్ళంత 999 వెండి రేకు, రెండంగుళాల రాగి తీగ, రెండిట్నీ సన్న ఉప్పుకాగితంతోటి మెరిసేటట్టు రుద్ది, చేతులతోటి ముట్టకుండ లోపల వెయ్. మూడు నెలలకు రేకు పసుపు పడితే డబ్బాల గంధకం ఉన్నట్టు, తీగ మగ్గితే ఆమ్లమో తేమో ఉన్నట్టు. మ్యూజియంలల్ల ఇదే పనిని ఆడీ టెస్ట్ అంటరు. బ్రిటిష్ మ్యూజియంల 1973ల పెట్టిన పరీక్ష. వెండి, రాగి, సీసం ముక్కల్ని అనుమానం ఉన్న గుడ్డతోటో చెక్కతోటో కలిపి తేమ గాలిల 60 డిగ్రీల కాడ 28 దినాలు ఉంచుతరు. మనకు అంత అక్కర్లేదు, సాక్షి రేకు చాలు.

బ్యాంకు లాకర్ల పెట్టేటోళ్ళు కూడ ఈ డబ్బానే చిన్నది పెట్టుకోవాలె. గాలి ఆడని లాకరు వానాకాలంల తేమ గూడే.

పాతరూకలు జవాబు

పగలగొట్టడం, డిప్ చేయడం గురించి చెప్పాలి. టీ మరక డిప్ మిగులు కావచ్చని బేడకాసు గారు చెప్పారు గానీ, దాన్ని ఏం చేయాలో చెప్పలేదు.

డిప్ మిగులు ఉందని తేలితే దాన్ని అలాగే వదిలేయడం మంచిది కాదని నా అభిప్రాయం. ఆమ్లం మిగిలి ఉంటే తేమ దొరికినప్పుడల్లా పని చేస్తూనే ఉంటుంది. నిపుణుడి చేతిలో కడిగిస్తే అక్కడితో ఆగుతుంది. ఎన్‌జీసీకి అనుబంధంగా ఎన్‌సీఎస్ అనే సంరక్షణ విభాగం, పీసీజీఎస్‌కు రెస్టొరేషన్ సేవ ఉన్నవి ఇందుకే. స్లాబును వాళ్ళే విప్పి, పని చేసి, మళ్ళీ గ్రేడ్ చేస్తారు.

కానీ మన దేశంలో ఒక పెద్ద అడ్డు ఉంది, దీన్ని మరచి కొరియర్ కట్టేవాళ్ళు ఉన్నారు. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని మనలాంటి వాళ్ళు దేశం దాటించడం నేరం. "మరమ్మతుకు పంపి తెప్పించుకుంటాను" అన్నా మినహాయింపు లేదు. కాబట్టి మీ 1862 రూపాయి విజయవాడ నుంచి అమెరికా వెళ్ళే ప్రసక్తి లేదు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉన్న మనవాళ్ళు అక్కడే కొన్న రూపాయిని అక్కడి విభాగానికి పంపుకోవచ్చు, ఆ సంగతి వేరు. మీ 1943 కాణీకి, 1945 రూపాయికి వందేళ్ళు నిండలేదు.

ఇక మిగిలేది ఇంట్లో పగలగొట్టడం. వద్దు. పగిలిన క్షణం ఎంఎస్ 62 అనే మాట పోతుంది. రంగు ఎంత ముదిరిందో దాన్నిబట్టి కింద ఏం మిగిలిందో ఉంటుంది: పసుపు, తేనె రంగుల పొర తీస్తే లస్టర్ దాదాపు చెక్కుచెదరదు. నీలం, ఆకుపచ్చ దాకా వెళ్ళింది తీస్తే నాణెం మెరుపు తగ్గి మసకగా కనిపిస్తుంది. నలుపు తీస్తే ముఖం పోయినట్టే. డిప్ మురికిని మాత్రమే తీయదు, సల్ఫైడుగా మారిన వెండిని కూడా పట్టుకుపోతుంది. ఒకసారి డిప్ అయిన నాణేన్ని రెండోసారి ముంచితే ఆ పారిన గీతల కొసలు అరిగి కార్ట్‌వీల్ ఆగిపోతుంది. మళ్ళీ పంపితే పీసీజీఎస్ దగ్గర 92 కోడుతో "క్లీన్డ్" అని, రంగు నమ్మకం కుదరకపోతే 91 కోడుతో "క్వశ్చనబుల్ కలర్" అని వస్తుంది. రెండూ అంకె లేని డీటెయిల్స్ గ్రేడులే. 62 ఉన్న మరక నాణేనికి కొనేవాడు దొరుకుతాడు. తెల్లటి డీటెయిల్స్ నాణేనికి బేరం కూడా కుదరదు.

అల్యూమినియం రేకు, వంట సోడా, వేడి నీళ్ళ చిట్కా కూడా వీడియోల్లో తిరుగుతోంది. రసాయనం నిజమే, సల్ఫైడు తిరిగి వెండి అవుతుంది. అయితే తిరిగొచ్చిన వెండి మొదటి ముద్ర గీతల్లో కూర్చోదు, పొడిపొడిగా తెల్లబారుతుంది. వెండి గ్లాసులకు సరే. పండక్కి చింతపండు, విభూతితో తోమిన పూజ రూపాయిల గురించి చెప్పనక్కర్లేదు. పది రెట్ల భూతద్దం పెడితే వెంట్రుకల్లాంటి గీతలు అన్నీ ఒకే దిక్కుకు ఉంటాయి.

1945 రూపాయి మాత్రం చేయగలిగిన పని. వేలికి అంటుకునే పచ్చ జిగురు అంటే మెత్తటి ఆల్బం పుటలోని పీవీసీ కక్కింది. ముందు రుజువు చూసుకోండి. ఆరుబయట, రాగి తీగ కొస ఎర్రగా కాల్చి ఆ పుట ముక్కకు తాకించి మళ్ళీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మెరిస్తే అందులో క్లోరిన్ ఉంది. పొగ పీల్చకండి. ఇది అసిటోన్ సీసా మూత తీయకముందే, దూరంగా చేయాల్సిన పని.

తర్వాత ల్యాబ్ సరఫరా దుకాణంలో స్వచ్ఛమైన అసిటోన్ అర లీటరు తెచ్చుకోండి. గోళ్ళ రంగు తుడిచేది పనికిరాదు, అందులో నూనె, రంగు, సువాసన కలుపుతారు. మూడు గాజు గిన్నెలు. మొదటి దానిలో మూత పెట్టి పదిహేను నిమిషాలు, రెండో దానిలో తాజా అసిటోన్‌తో పది, మూడో దానిలో ముంచి తీయడం. అంచు పట్టుకునే వెదురు చిమటా వాడండి. మొండి జిగురు మీద అసిటోన్‌లో తడిపిన దూది పుల్లను దొర్లించాలి, రుద్దకూడదు. తీసాక తుడవకుండా కాగితం రుమాలు మీద నిలబెట్టి గాలికి ఆరనివ్వండి. కిటికీ తెరవండి, దగ్గరలో పొయ్యి, దీపం ఉండకూడదు. అదే బల్ల మీద స్లాబు కూడా పెట్టకండి, ఒక్క చుక్క పడినా ప్లాస్టిక్ తెల్లగా కరిగిపోతుంది.

ఒక హెచ్చరిక. 1940 నుంచి 1945 దాకా రూపాయిల్లో వెండి 50 శాతమే, రాగి 40, నికెల్, జింకు అయిదేసి. అంతకు ముందరి 91.7 శాతం రూపాయి కన్నా దీన్ని పీవీసీ ఆమ్లం త్వరగా తింటుంది. జిగురు పోయాక కింద చిన్న గుంటలు, పచ్చటి మచ్చలు మిగిలితే లోహం పోయిందన్నమాట, అసిటోన్ దాన్ని పూడ్చలేదు. అలాంటిదాన్ని గ్రేడింగుకు పంపితే "ఎన్విరాన్‌మెంటల్ డ్యామేజ్" వస్తుంది. ఆ ఫీజు పెట్టి ఇంకో మంచి 1945 కొనుక్కోవచ్చు.

చిల్లుకాణీ మళ్ళీ రాశారు

మీరు చెప్పినవి చేసి చూశాను.

వంచి చూస్తే మరకలు అక్షరాలతోనే కదులుతున్నాయి, నాణెం మీదవే. నెలవంక మీదుగా కార్ట్‌వీల్ ఆగకుండా తిరుగుతోంది. బొరుసు వైపు "ఓ" అక్షరం కింద మరక దగ్గర సగానికి తగ్గుతోంది, పూర్తిగా చావట్లేదు. ఎన్‌జీసీ సైట్‌లో పాత ఫొటో ఉంది. పెద్దది చేసి చూస్తే అదే చోట లేత గోధుమ నీడ ఉంది. రబ్బరు బ్యాండు ఎడమ అంచు మీదే ఉండేది. ఆల్బం పుట మంట ఆకుపచ్చగా వచ్చింది.

రెండు అడగాలి. రూపాయిని రేపు అమ్మాల్సి వస్తే నెలవంక ధర పెంచుతుందా, మరక తగ్గిస్తుందా? కాణీ చుక్క పెరుగుతోందో లేదో తెలుసుకోవడం ఎలా?

బేడకాసు జవాబు

కార్ట్‌వీల్ సగానికి తగ్గుతోందంటే మిగులు పలచగానే ఉంది, కింద లోహం ఇంకా పోలేదు. పాతరూకలు గారి మాట సిద్ధాంతంగా ఒప్పుకుంటాను, ఆమ్లం ఉంటే కడగాల్సిందే. ఇక్కడ కడిగే దారి చట్టం మూసేసింది కనుక 40 శాతం తేమలో పెట్టడమే మందు. నీరు దొరకని ఆమ్లం పెద్దగా నడవదు.

ధర విషయం. ఇంద్రధనుస్సు రంగులకు ఎక్కువ పెట్టే అలవాటు అమెరికాలో మోర్గాన్ డాలర్లనే పాత వెండి నాణేల దగ్గర బలపడింది. వెయ్యేసి డాలర్లు పోసిన కాన్వాసు సంచుల్లో దశాబ్దాల పాటు ఉండి, గుడ్డకు ఆనిన ముఖం రంగులు పట్టిన నాణేలవి. ఎన్‌జీసీ చూపుకు బాగున్న వాటికి గ్రేడు పక్కన నక్షత్రం కూడా వేస్తుంది. మన దగ్గర రూపాయి కొనేవాళ్ళలో చాలామంది తెల్లదాన్నో, సమంగా బూడిద రంగు పట్టిన పాతదాన్నో అడుగుతారు. ఒక వైపు నెలవంక, ఇంకో వైపు టీ మరక ఉన్న నాణేనికి ఎక్కువ అడగలేరు. 62కి మామూలు ధర వస్తే ఇచ్చేయవచ్చు. ప్రకటనలో ఇప్పటి ఫొటోలే పెట్టండి, రెండు వైపులా. పాత తెల్లటి ఫొటో పెట్టి అమ్మితే నాణెం తిరిగొస్తుంది, పేరు పోతుంది.

అదే నెలవంక విడి నాణెం మీద ఉండి, రంగుల వరస తప్పి, పసుపు పక్కనే ఆకుపచ్చ వచ్చి, అక్షరాల మీదుగా పూసినట్టు ఒకే మందంతో సాగితే మాత్రం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టకండి. గంధకపు ద్రావణంతోనో, వేడితోనో తెప్పించిన రంగు అలాగే ఉంటుంది. సహజమైన దానిలో ఎత్తుగా ఉన్న అక్షరం చుట్టూ పొర సన్నబడి చిన్న తెల్లంచు మిగలడం తరచుగా కనిపిస్తుంది.

కాణీ చుక్కకు: స్లాబు పక్కన అర మిల్లీమీటరు గీతలున్న స్కేలు పెట్టి, ఒకే బల్బు, ఒకే దూరం, పక్కన తెల్ల కాగితం ముక్క. కెమెరాలో వైట్ బ్యాలెన్స్‌ను ఆ కాగితానికి సరిచేయండి, లేకపోతే ఎరుపు మగ్గిందో బల్బు మారిందో తేలదు. మూడు నెలలకోసారి తీసి, చిల్లు వెడల్పుతో చుక్క వెడల్పును పోల్చండి. చిల్లు మారదు కాబట్టి ఫొటో ఎంత పెద్దది చేసినా నిష్పత్తి నిలుస్తుంది. రెండు ఫొటోల్లో నిష్పత్తి ఒకటే అయితే చుక్క నిద్రపోతోంది. పెరిగితే డబ్బా మూత రింగు చూడండి, సాధారణంగా తేమ అక్కడి నుంచే వస్తుంది.

చార్మినార్_చెక్కు జవాబు

ఒక్కటి మర్చిపోయిన. టేకు పెట్టెలకెళ్ళి తీసిన స్లాబులను నేరుగా కొత్త డబ్బాల పెట్టకు. ముందు పైన మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతోటి పొడిగ తుడువు, నీళ్ళల్ల ముంచకు, అతుకుల సందులకెళ్ళి లోపలికి పోతయ్. ఎండాకాలంల, గాలి పొడిగ ఉన్నప్పుడు డబ్బా మూత తెరిచి స్లాబులు వేసి మూసెయ్. వాన పడుతుంటే మూసినవంటే ఆ తేమ కూడ లోపల్నే చిక్కుతది.